అభద్రత ఒక్కటే చెయ్యి చేసుకోదు

ప్రేమించినవాడి చేతిలో ఓ అమ్మాయి దెబ్బలు తింటోందని బయటపడగానే చుట్టుపక్కల రెండు మాటలు వినిపిస్తాయి. "మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకుంది?" అనేది మొదటిది. "వాడికి చిన్నప్పుడు ఏం జరిగిందో ఏమో" అనేది రెండోది. మొదటి మాట దెబ్బలు తిన్న మనిషిని బోనెక్కిస్తుంది. రెండోది కొట్టినవాణ్ని బోనులోంచి దించేస్తుంది. రెండూ మనస్తత్వశాస్త్రం మాట్లాడుతున్నట్టే వినిపిస్తాయి. నా పేచీ అక్కడే.

ఆ శాస్త్రం ఈ విషయంలో నిజంగా ఏం కనిపెట్టిందో కొన్నేళ్లుగా చదువుతూ వస్తున్నాను. చదివిన కొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. వదిలేసి పోతారేమోనన్న భయం, చిన్ననాటి గాయాలు, కోపాన్ని దిగమింగుకోలేకపోవడం, ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను ఎదుటి మనిషి ఫోను లాక్కోదు, గొంతు పట్టుకోదు. భయానికీ ఆ చేతికీ మధ్య ఇంకొకటి ఉండాలి. "ఈ మనిషి మీద నాకు హక్కుంది" అన్న నమ్మకం ఉండాలి. దాని గురించే మనం తక్కువ మాట్లాడుతున్నాం. పైగా చాలాసార్లు దానికే ప్రేమ అని పేరు పెడుతున్నాం.

ఇదంతా పెళ్లయి ఏళ్లు గడిచిన సంసారాల గొడవ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన అంచనా ప్రకారం, 15 నుంచి 19 ఏళ్ల వయసులోనే, పెళ్లో ప్రేమో ఏదో ఒక బంధంలో ఉన్న అమ్మాయిల్లో దాదాపు 24 శాతం మంది భాగస్వామి చేతిలో శారీరక హింసో లైంగిక హింసో ఎదుర్కొన్నారు. అంటే ఇంకా ఇరవై కూడా నిండని వాళ్లలో నలుగురిలో ఒకరు. తిట్లు, బెదిరింపులు, నిఘా ఆ లెక్కలో లేవు. అవి కూడా కలిపితే అంకె ఇంకా పెరుగుతుంది.

నా స్నేహితురాలి సంగతి చెప్తాను. అప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లు. ఎవరింట్లోనైనా పదిమందిమి కలిసి కూర్చుంటే ఆమె ఫోను ఎప్పుడూ స్క్రీను పైకి ఉండేలా ఒళ్లో పెట్టుకునేది. మెసేజ్ వచ్చిన వెంటనే, చెప్తున్న మాట సగంలో ఆపేసి, జవాబు కొట్టేది. కాసేపటికి లేచి గది నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీసేది. మొదట్లో అందరం జ్ఞాపకం కోసం తీస్తోందనుకునేవాళ్లం. ఆ ఫోటోలు అతనికి పంపడానికి. గదిలో ఎవరెవరున్నారో, అబ్బాయిలు ఎవరి పక్కన కూర్చున్నారో కనపడాలి. ఒక మూల తప్పిపోతే "ఆ పక్కన ఎవరున్నారు?" అని వెంటనే వచ్చేది. అడిగితే ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "నేనంటే ప్రాణం వాడికి. అందుకే అంత భయం."

ఆమె అబద్ధం చెప్పలేదు. అతనికి భయం నిజంగానే ఉంది.

ఆ భయం ఎక్కడి నుంచి వస్తుందో చాలావరకు తెలుసు. పసిపిల్లలు తమను సాకే మనిషితో పెంచుకునే అనుబంధం గురించి జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యుడు సిద్ధాంతం కట్టాడు. మేరీ ఐన్స్‌వర్త్ దాన్ని పరిశీలనలో పెట్టింది. తల్లి గదిలోంచి కాసేపు వెళ్లి తిరిగొచ్చినప్పుడు పిల్లలు ఏం చేస్తారో చూసింది. కొందరు ఏడ్చి, తల్లి ఎత్తుకోగానే ఊరుకుని మళ్లీ ఆటలో పడతారు. కొందరు ఎత్తుకున్నా ఊరుకోరు, అతుక్కుంటూనే తోసేస్తూ ఉంటారు. ఇంకొందరు తల్లి వచ్చినా రానట్టే ఉంటారు. 1987లో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ అనే ఇద్దరు పరిశోధకులు, పెద్దయ్యాక ప్రేమల్లోనూ ఇవే తీరులు కనిపిస్తాయని చూపించారు. నిశ్చింతగా ఉండేవాళ్లు, క్షణక్షణం భరోసా అడిగేవాళ్లు, దగ్గరితనం అంటేనే వెనక్కి జరిగేవాళ్లు. మన స్నేహితుల్లో ఈ మూడు రకాల వాళ్లనూ గుర్తుపట్టడం ఎవరికీ కష్టం కాదు.

తర్వాత జెరాల్డిన్ డౌనీ అనే పరిశోధకురాలు ఇంకాస్త లోతుకు వెళ్లింది. కొందరికి తిరస్కారాన్ని పసిగట్టడంలో ఒక అతి చురుకుదనం ఉంటుంది. ఎదుటివాళ్లు అలసిపోయి ముభావంగా ఉన్నా "నేనంటే విసుగొచ్చింది" అని తోస్తుంది. రిప్లై ఆలస్యమైతే అందుకు ఉండగల వంద కారణాల్లో ఒక్కటే కనిపిస్తుంది. అలాంటి కుర్రాడొకడు ఒకసారి నాతో మనసు విప్పి మాట్లాడాడు. రెండు నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే తనకు కడుపులో ఏదో జారిపోయినట్టు ఉంటుందన్నాడు. తర్వాత చెవులు వేడెక్కుతాయి. తర్వాత, ఆమె ఇంకెవరితోనో నవ్వుతున్నట్టు ఒక దృశ్యం కళ్లముందు కడుతుంది. ఆ దృశ్యం తనే కల్పించుకున్నాడని తెలిసినా దాని మీద వచ్చే కోపం మాత్రం అచ్చమైన కోపమే. ఆ కోపంతో పది మెసేజ్‌లు కొడతాడు. ఆమె భయపడో విసిగో ఫోను పక్కన పెడుతుంది. "చూశావా, నేననుకున్నదే" అని ఇతనికి రుజువు దొరుకుతుంది. ఏది జరుగుతుందని భయపడ్డాడో దాన్ని తన చేతులతోనే జరిపించుకుంటాడు. డౌనీ బృందం జంటల మీద చేసిన పనిలో తేలినదీ ఇదే.

ఆ కుర్రాడి మీద నాకు జాలి ఉంది. ఆ బాధ నటన కాదు. అంత మాత్రం చేత కథ అయిపోయిందనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఎందుకంటే అదే భయం ఉన్న మనుషులు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఎవరినీ కొట్టరు, ఎవరి ఫోనూ వెతకరు. కొందరు కూర్చుని ఏడుస్తారు. కొందరు ఒకటికి నాలుగుసార్లు "నా మీద కోపంగా ఉన్నావా?" అని అడిగి విసిగిస్తారు. కొందరు ముందే తప్పుకుంటారు. డౌనీ, ఆమె సహచరులు 2000లో కాలేజీ అబ్బాయిల మీద ప్రచురించిన అధ్యయనం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. తిరస్కార భయం ఎక్కువున్నవాళ్లలో, ప్రేమ బంధానికి జీవితంలో పెద్దపీట వేసినవాళ్లు హింసకు దిగడం ఎక్కువ. అదే భయం ఉండి, ప్రేమకు అంత చోటివ్వనివాళ్లు మనుషులకు దూరంగా జరిగిపోయారు, పదిమందిలో కలవడానికి జంకారు. భయం ఒకటే, అది వెళ్లిన దారులు రెండు. అంటే ఆ భయం ఎటు తిరగాలో నిర్ణయించేది మనిషిలో వేరే ఇంకేదో ఉంది.

చిన్ననాటి గాయాల విషయమూ అంతే. ఇంట్లో తండ్రి తల్లిని కొట్టడం చూస్తూ పెరిగినవాళ్లు, తామే దెబ్బలు తిని పెరిగినవాళ్లు పెద్దయ్యాక హింసకు దిగే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువే. దాన్ని కాదనలేం. కానీ కేథీ స్పాట్జ్ విడమ్ 1989లో ప్రచురించిన పేరుపొందిన పరిశోధనలో తేలిన రెండో సగాన్ని ఎవరూ చెప్పరు. చిన్నప్పుడు హింసకూ నిర్లక్ష్యానికీ గురైన పిల్లల్లో ఎక్కువమంది నేరాల జోలికి, హింస జోలికి వెళ్లలేదు. "వాడి బాల్యం అలాంటిది" అని మనం ఒక్కసారి సర్దిచెప్పినప్పుడల్లా, అంతకన్నా ఘోరమైన బాల్యం గడిపి కూడా ఎవరి మీదా చెయ్యెత్తని మనుషులందరినీ అవమానిస్తున్నాం. నాకు తెలిసినవాళ్లలో అత్యంత మృదువుగా మాట్లాడే మనిషి అలాంటి ఇంట్లోంచే వచ్చాడు.

ఇక కోపం. "ఆ క్షణంలో నా కంట్రోల్‌లో నేను లేను" అనేది ఈ బంధాల్లో ఎక్కువగా వినపడే వాక్యం కావచ్చు. దీన్ని నమ్మాలంటే కొన్ని సంగతులకు జవాబు దొరకాలి. ఆఫీసులో పైఅధికారి అందరిముందూ అవమానించినప్పుడు అతని కంట్రోల్ ఎక్కడికీ పోలేదు. వస్తువులు విసిరేస్తాడు, పగిలినవి ఆమెవి. ఆమె ఫోను నేలకేసి కొడతాడు, తన ఫోను జేబులో భద్రంగా ఉంటుంది. బట్టల కింద దాగే చోట దెబ్బ పడుతుంది. ఉగ్రంగా అరుస్తున్న మనిషి, తలుపు తట్టిన చప్పుడు కాగానే గొంతు మార్చి మర్యాదగా మాట్లాడతాడు. అదుపు తప్పిన మనిషి ఇన్ని విషయాలు చూసుకోలేడు. ఆవేశాన్ని ఆపుకునే శక్తి మనుషుల్లో తేడాగానే ఉంటుంది. నిద్రలేమిలో, ఒత్తిడిలో, మందు తాగినప్పుడు అది ఇంకా తగ్గుతుంది. కానీ ఎక్కడ ఆపుకోవాలో, ఎక్కడ ఆపుకోనక్కర్లేదో ఆ మనిషికి ముందే తెలుసు. ఆ తెలివిడి కోపం నుంచి రాలేదు. ఎవరి మీద చూపిస్తే చెల్లుతుందో చెప్పే నమ్మకం నుంచి వచ్చింది.

మందు గురించి ఒక్క మాటే. తాగుడు మనిషి చూపును కుదిస్తుంది, ఎదురుగా ఉన్న రెచ్చగొట్టే విషయం తప్ప దాని పర్యవసానం కనపడనివ్వదు. హింసను అది పెంచుతుంది. మానేస్తే తగ్గుతుంది కూడా. కానీ తాగి బండి నడిపినవాణ్ని "మందు చేసిన పని" అని ఎవరూ వదిలేయరు. ఇక్కడ మాత్రం వదిలేస్తారు.

ఆ నమ్మకం ఎలా తయారవుతుంది? ఇక్కడే నాకు నిజమైన ఆందోళన. పీటర్ గ్లిక్, సుసాన్ ఫిస్క్ అనే మనస్తత్వవేత్తలు 1996లో చెప్పిన విషయం ఒకటుంది. స్త్రీల పట్ల వివక్షకు రెండు ముఖాలుంటాయి. ఒకటి ద్వేషంతో మాట్లాడుతుంది, దాన్ని గుర్తుపట్టడం తేలిక. రెండోది ఆప్యాయంగా మాట్లాడుతుంది. "నువ్వు సున్నితమైనదానివి, లోకం మంచిది కాదు, నిన్ను కాపాడుకోవడం నా బాధ్యత." కాపాడటం అనే మాటలోంచే, ఎక్కడికి వెళ్లాలో, ఏం కట్టుకోవాలో, ఎవరితో మాట్లాడాలో చెప్పే అధికారం పుట్టుకొస్తుంది. ఈ రెండు ముఖాలూ ఒకే మనిషిలో, చాలాసార్లు ఒకే రోజులో కనిపిస్తాయి. చెప్పినట్టు విన్నంతసేపూ బంగారం. వినకపోతే అదే నోటితో బూతులు.

అసూయ సంగతి ఇంకా దారుణం. అసూయ ప్రేమకు కొలత అని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. పొసెసివ్‌గా ఉంటున్నాడంటే స్నేహితురాళ్లు ఏడిపిస్తూ నవ్వుతారు. ఎవరితో మాట్లాడినా పట్టించుకోని అబ్బాయికి ప్రేమ లేదనుకుంటారు. సిల్వియా ప్యూంటే, డోవ్ కోహెన్ 2003లో ప్రచురించిన పనిలో చూపించింది ఇదే. అసూయకు ప్రేమ లక్షణం అన్న పేరు ఉన్నచోట, అసూయతో చేసిన హింసను జనం మరో కారణంతో చేసిన హింసకన్నా తేలిగ్గా తీసుకుంటారు. ప్రేమ ఉంది కాబట్టే కొట్టాడని ఎవరూ నోరు తెరిచి అనకపోవచ్చు. కానీ తీర్పు ఆ మేరకు మెత్తబడుతుంది. చూసేవాళ్ల మనసులోనే కాదు, దెబ్బ తిన్న మనిషి మనసులోనూ మెత్తబడుతుంది. "నేనంటే ప్రాణం వాడికి, అందుకే అంత భయం" అని నా స్నేహితురాలు అన్నది సరిగ్గా ఈ పాఠమే. ఆమె సొంతంగా కనిపెట్టిన మాట కాదది.

ఇంకో అపోహ, కొట్టేవాళ్లకు ఆత్మగౌరవం తక్కువ, లోపల కుంగిపోయి ఉంటారు, కాస్త ప్రేమ చూపిస్తే మారిపోతారు అనేది. రాయ్ బౌమైస్టర్, మరో ఇద్దరు పరిశోధకులు 1996లో అప్పటిదాకా ఉన్న పరిశోధనలన్నీ తిరగేసి దీనికి అడ్డం తిరిగారు. హింస ఎక్కువగా వచ్చేది తనను తాను తక్కువ చేసుకునే మనిషి నుంచి కాదు, తన గురించి చాలా గొప్పగా అనుకుంటూ ఆ గొప్పను ఎవరో తగ్గించారని తోచిన మనిషి నుంచి అన్నారు. "నన్నే కాదంటుందా" అన్న మాటలో ఆ ఒత్తు ఎక్కడ పడుతుందో గమనించండి. కాదనడం బాధ, అది ఎవరికైనా బాధే. నన్ను కాదనడం నేరం, దానికి శిక్ష ఉండాలి, ఆ శిక్ష వేసే పెద్దమనిషిని నేనే. రెండో భాగం బాధలోంచి పుట్టదు.

ఇంతసేపూ అతడు, ఆమె అంటూ వచ్చాను. అబ్బాయిలు కూడా ఈ హింసకు గురవుతారు, స్వలింగ బంధాల్లోనూ ఇది ఉంది. చెప్పుకుంటే నవ్వుతారన్న భయంతో నోరు మెదపని కుర్రాళ్లున్నారు. చాటుగా సాగే బంధాల్లో "మీ ఇంట్లో చెప్పేస్తా" అన్న ఒక్క బెదిరింపు చాలు, మనిషి నోరు మూతపడటానికి. నేను చెప్తున్న హక్కు అనే నమ్మకం ఎవరి బుర్రలోనైనా ఉండొచ్చు. మరి ఆడామగా ఇద్దరూ సమానంగానే కొట్టుకుంటున్నారని చెప్పే సర్వేల సంగతేమిటని అడిగేవాళ్లుంటారు. మర్రే స్ట్రాస్ 1979లో ప్రచురించిన ప్రశ్నావళి, ఎవరు ఎన్నిసార్లు నెట్టారు, ఎన్నిసార్లు విసిరారు అని లెక్కపెడుతుంది. అలా లెక్కపెడితే ఇద్దరి అంకెలూ దగ్గరగానే వస్తాయి, ముఖ్యంగా చిన్న వయసు జంటల్లో. ఎవరు ఎవరిని చూసి భయపడుతున్నారు అనేది ఆ లెక్కలో లేదు. మైఖేల్ జాన్సన్ అనే సామాజికవేత్త 1995లో హింసను రెండు రకాలుగా విడదీశాడు. గొడవ ముదిరి ఎవరో ఒకరి చెయ్యి లేవడం ఒక రకం. అది తప్పే, ఆపాల్సిందే, చాలా జంటల్లో ఆపగలిగిందే. ఒక మనిషి ఇంకో మనిషి డబ్బు, స్నేహాలు, చదువు, నిద్ర, అన్నీ గుప్పిట్లో పెట్టుకోవడం వేరే రకం. అందులో కొట్టడం ఒక పనిముట్టు మాత్రమే, కొన్నిసార్లు దాని అవసరం కూడా పడదు. ఇవాన్ స్టార్క్ అనే పరిశోధకుడు 2007లో రాసినదంతా ఈ రెండో రకం గురించే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 చట్టంతో అది, ఒక్క దెబ్బ పడకపోయినా, అయిదేళ్ల వరకు జైలు పడగల నేరమైంది. నా స్నేహితురాలి విషయంలో మొదటి ఏడాదంతా ఒక్క దెబ్బ లేదు. ఆ ఏడాదిలోనే ఆమె స్నేహితులు ఒక్కొక్కరే రాలిపోయారు.

ఈ వయసులోనే ఎందుకింత తేలిగ్గా పట్టు చిక్కుతుంది? ఇరవైల మొదట్లో ప్రేమ చాలామందికి మొదటిదో రెండోదో. పోల్చి చూసుకోవడానికి ముందు ఇంకో బంధం లేదు. తాను ఎవరో, ఏం కావాలో ఇంకా తేల్చుకునే దశ అది, ఆ తేల్చుకోవడంలో ప్రేమించిన మనిషి మాటకు అపారమైన విలువ. "నీకేం చేతకాదు" అని నలభై ఏళ్ల మనిషితో అంటే ఆమెకు ఎదురు చెప్పడానికి ఇరవై ఏళ్ల అనుభవం ఉంటుంది. ఇరవై ఏళ్ల పిల్లకు ఆ మాటే తన గురించి మొదటి తీర్పు కావచ్చు. స్నేహితులు ఇద్దరికీ ఒకరే కావడంతో విడిపోవడమంటే తన లోకం మొత్తం వదులుకోవడం. ఇంట్లో చెబుదామంటే, ప్రేమ సంగతే దాచినవాళ్లు ప్రేమలో అనుభవిస్తున్న హింస గురించి ఎలా చెప్తారు? దాచిన బంధం హింసించేవాడికి కంచుకోట.

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్నకు వస్తాను, ఎందుకు ఊరుకుంది అన్నదానికి.

స్కిన్నర్, ఫెర్‌స్టర్ అనే మనస్తత్వవేత్తలు 1957లో ప్రచురించిన ప్రయోగాల్లో పావురాలున్నాయి. మీట పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం, గింజలు ఆగిపోతే కాసేపు చూసి మానేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడొకటీ ఇప్పుడొకటీ దొరికిన పావురం, గింజలు పూర్తిగా ఆగిపోయాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. డొనాల్డ్ డటన్, సుసాన్ పెయింటర్ 1981లో దీన్ని హింసతో నిండిన బంధాలకు అన్వయించారు. రెండు సంగతులు కలిస్తే బంధం విచిత్రంగా బిగుసుకుంటుందని వాళ్లు చెప్పారు. ఒకటి, బలం ఒకవైపే ఉండటం. రెండు, క్రూరత్వం మధ్యమధ్యలో ఎప్పుడొస్తుందో తెలియని మంచితనం. కొట్టిన మర్నాడు వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చే మనిషి ఆమెకు భయం నుంచి ఉపశమనాన్ని ఇస్తున్నాడు. ఆ భయాన్ని కలిగించిందీ తనే, తీసేస్తున్నదీ తనే. ఆ ఉపశమనం ఎంత గాఢంగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. మామూలు ప్రేమ దాని ముందు చప్పగా ఉంటుంది. బయటికొచ్చిన ఆడవాళ్లను ఆ ఇద్దరు పరిశోధకులు ఆరు నెలల తర్వాత మళ్లీ కలిసినప్పుడు, ఆ బంధం ఇంకా లోపల మిగిలే ఉంది. ఇది 1993లో వచ్చిన అధ్యయనం. "ఇంత జరిగాక కూడా వాణ్ని మర్చిపోలేకపోతున్నానంటే నాలోనే ఏదో లోపం" అని తనను తాను తిట్టుకునే ప్రతి అమ్మాయికీ ఇది చెప్పాలనిపిస్తుంది. లోపం కాదమ్మా. అలా చేస్తే ఎవరికైనా అలాగే అవుతుంది.

దీనికి తోడు కారిల్ రస్‌బల్ట్ అనే పరిశోధకురాలు చెప్పిన లెక్క. మనిషి బంధంలో ఉండిపోవడానికి సంతోషం ఒక్కటే కారణం కాదు. ఇప్పటిదాకా అందులో ఎంత పోశాం, బయటికొస్తే వేరే దారి ఏముంది అన్నవి అంతకు తక్కువేం కాదు. హింస తప్పించుకుని ఆశ్రయ కేంద్రానికి వచ్చిన ఆడవాళ్ల మీద ఆమె 1995లో ఇంకొకరితో కలిసి ప్రచురించిన పనిలో, బయట దారి తక్కువగా ఉన్నవాళ్లే, బంధంలో ఎక్కువ పోసినవాళ్లే తిరిగి వెళ్లే వైపు మొగ్గారు. స్నేహితులను వదులుకుని, ఊరు మారి, చదువు ఆపి ఉన్న అమ్మాయిని "వదిలేసి వచ్చెయ్" అంటే, ఎక్కడికి అన్నది నిజమైన ప్రశ్న.

కుంగుబాటు, ఆత్మవిశ్వాసం లేకపోవడం, ఎవరినీ కాదనలేని స్వభావం, వీటిని బాధితుల "కారకాలు"గా జాబితా వేసే వ్యాసాలు కనపడితే నాకు ఒళ్లు మండుతుంది. అంతకుముందే కుంగుబాటు ఉన్నవాళ్లు ఇలాంటి బంధాల్లో చిక్కే అవకాశం ఎక్కువన్న మాట నిజమే. కానీ చాలా సర్వేలు ఒకే సమయంలో రెండూ అడుగుతాయి, ఏది ముందో ఏది తర్వాతో చెప్పలేవు. రెండేళ్లపాటు రోజూ తిట్లు తిన్న మనిషికి ఆత్మవిశ్వాసం తక్కువగా ఉందంటే, అది ఆ బంధం మిగిల్చిన గాయం. గాయాన్ని చూపించి దెబ్బకు కారణం ఇదేననడం అన్యాయం. జెనిఫర్ ఫ్రెయిడ్ అనే మనస్తత్వవేత్త 1997లో ఒక వరసను గుర్తించింది. నిలదీసినప్పుడు ముందు జరగలేదంటారు, తర్వాత నిలదీసిన మనిషి మీద విరుచుకుపడతారు, చివరికి తామే బాధితులమంటారు. "నేనెక్కడ కొట్టాను, నీకు పిచ్చి, నీవల్ల నేనెంత నరకం పడుతున్నానో తెలుసా." ఈ మూడు వాక్యాలు ఒకే ఊపిరిలో విని, చివరకు తనే సారీ చెప్పి వచ్చిన అమ్మాయిని నేను చూశాను.

మారేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. నాకు మనసు విప్పిన ఆ కుర్రాడు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాడు. భయాన్ని ఎలా ఓర్చుకోవాలో మొదటి కొన్ని నెలలు నేర్చుకున్నాడు. ఫోను ఇంకో గదిలో పెట్టి నడకకు వెళ్లడం, మనసు కట్టిన దృశ్యాన్ని కాగితం మీద రాసి దానికి సాక్ష్యం ఏముందని అడగడం. అవి పనికొచ్చాయి. కానీ మలుపు వచ్చింది అక్కడ కాదన్నాడు. "ఆమె జవాబివ్వకపోవచ్చు, నన్ను వదిలేసి పోవచ్చు కూడా. అది ఆమె ఇష్టం. నాకు ఏడుపొస్తుంది, అంతే" అని కౌన్సెలర్ ముందు పైకి అనగలిగిన రోజు వచ్చిందన్నాడు. ఆ వాక్యం నోట్లోంచి రావడానికి ఏడాది పట్టింది. భయం ఇంకా పూర్తిగా పోలేదు, హక్కు పోయింది.

ఇది పాతికేళ్లు దాటాక నేర్పడం కన్నా పద్నాలుగేళ్లకు నేర్పడం తేలిక. వాంజీ ఫోషీ బృందం 1990లలో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సేఫ్ డేట్స్ అనే పాఠాల వరసను పెట్టి, పాఠాలు వినని బడులతో పోల్చి చూసింది. నాలుగేళ్ల తర్వాత కూడా, విన్న పిల్లల్లో ప్రేమ బంధాల్లోని హింస తక్కువగా కనిపించింది. ఆ పాఠాల్లో కోపాన్ని పట్టుకోవడం ఒక భాగమే. ఎదుటి మనిషిని అదుపులో పెట్టడం ఎలా ఉంటుందో గుర్తుపట్టడం, ఏది సబబు ఏది కాదు అన్న నమ్మకాలను కదపడం, ఆపదలో ఉన్న స్నేహితులకు ఎలా తోడుండాలో నేర్చుకోవడం మిగతా భాగం. బడిలో గుణకారం నేర్పినంత శ్రద్ధగా ఇది నేర్పాలని నా డిమాండు.

స్నేహితులుగా మనం చేయగలిగింది కూడా ఉంది. ముందుగా, షరతులు పెట్టకండి. "వాడో నేనో తేల్చుకో" అన్న స్నేహితురాలు తనకు తెలియకుండానే అతని పని చేసిపెడుతుంది. ఆమె మళ్లీ వెనక్కి వెళ్లినా మీ ఫోను ఎత్తండి. అతన్ని తిట్టడం కన్నా, మీ కళ్లతో చూసింది చెప్పండి: "నువ్వు గది ఫోటోలు తీసి పంపుతుంటే నాకు భయమేసింది." తిట్టారంటే అతన్ని సమర్థించే పని ఆమె మీద పడుతుంది. చూసింది చెప్తే ఆలోచించుకునే చోటు మిగులుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మెత్తగా ఉండకండి. గొంతు నులిమాడని చెబితే, ఒక్కసారైనా సరే, అది వేరే స్థాయి ప్రమాదం. అమెరికాలో నాన్సీ గ్లాస్ బృందం 2008లో ప్రచురించిన పరిశోధనలో, భాగస్వామి అంతకుముందు గొంతు నులిమిన ఆడవాళ్లు తర్వాత అదే మనిషి చేతిలో హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా ఉందని తేలింది. పైకి మచ్చ లేకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం, ఇవి లోపలి గాయానికి గుర్తులు.

విడిపోతున్న సమయమే అన్నిటికన్నా ప్రమాదకరమని కూడా మర్చిపోవద్దు. హక్కు చేజారిపోతోందని అతనికి తెలిసేది అప్పుడే. కాబట్టి "ఈ రాత్రే చెప్పెయ్" అని తొందరపెట్టకండి. చెప్పాల్సి వస్తే ఒంటరిగా, మూసిన గదిలో వద్దు. సర్టిఫికెట్లు, గుర్తింపు కార్డులు, కొంత డబ్బు ముందుగానే మీ దగ్గర దాచిపెట్టండి. బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తన ఫోనులో కాకుండా మీ దాంట్లో ఉంచండి. లొకేషన్ షేరింగ్ హఠాత్తుగా ఆపితే అతనికి వెంటనే తెలిసిపోతుంది, అందుకని సురక్షితమైన చోటికి చేరేదాకా దాన్ని కదపకపోవడమే మేలు. పాస్‌వర్డులు మార్చేటప్పుడు అతని చెయ్యి పడని ఫోనులోంచి మార్చాలి, ముందుగా ఈమెయిలుది, ఎందుకంటే మిగతా అన్నిటి తాళం చెవులూ దానికే వస్తాయి.